రేడియోలో గరగర.. స్తంభం మీద నిప్పురవ్వ

సాయంత్రం వార్తల వేళ. అరుగు మీద ట్రాన్సిస్టరు. కేంద్రం పేరు చెప్పేదాకా గొంతు స్పష్టంగానే ఉంటుంది. అంతలో బుర్రుమని రొద మొదలవుతుంది. ఆ రొదలో వార్తలు చదివేవారి మాట తిరగలిలో గింజలా నలిగిపోతుంది. ఇంటి పెద్దాయన రేడియోను ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు. నెత్తిన ఒక్కటి చరుస్తాడు. మర్నాడు బ్యాటరీలు తీసి ఎండలో పెడతాడు. చివరకు రేడియో పాడైందని తీర్మానించి బజారుకు పట్టుకుపోతాడు. మెకానిక్కు కొట్లో అది ఖంగున పలుకుతుంది. ఇంటికి తెస్తే మళ్లీ మామూలే.

కృష్ణా జిల్లా తీరంలో రేడియో వినే ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ రేడియోల కాలం నుంచీ ఉన్నదే. పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి మరీ ఈ రొద విన్నవారు ఇప్పటికీ ఊళ్లలో ఉన్నారు. ఆ లైసెన్సులు 1980ల మధ్యలో రద్దయ్యాయి. రొద మాత్రం రద్దు కాలేదు.

చాలాసార్లు రోగం రేడియోది కాదు, ఊళ్లోంచి పోయే కరెంటు లైనుది. ఎక్కడో ఒక స్తంభం మీద ఏదో వదులైంది, లేదా పగిలింది, లేదా ఉప్పు పేరుకుంది. అక్కడ సన్నటి రవ్వలు పుడుతున్నాయి. కంటికి కనిపించని ఆ రవ్వను రేడియో పట్టి ఇస్తోంది. ఆ సంగతి తెలిస్తే, రొద పెట్టే ట్రాన్సిస్టరుతోనే ఆ స్తంభాన్ని వెతికి పట్టుకోవచ్చు.

తుపాను కబురు వినపడకపోతే

పాటలు వినపడకపోవడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ రోజు చూసినవారికి తుపాను కబురు చెప్పే ట్రాన్సిస్టరు సరదా వస్తువు కాదు. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోన్ ఉంది కదా అనవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు సెల్ టవర్లు చాలావరకు మూగబోయాయి. రెండు సెల్లులతో నడిచే రేడియోకు మాత్రం టవరుతో పని లేదు, ఛార్జింగుతో పని లేదు.

చిక్కంతా తుపాను రాకముందు గంటల్లో ఉంది. గాలి పెరుగుతుంది. తీగలు ఊగుతాయి. ఇన్సులేటరు మీద వదులైన కట్టు మరింత కదులుతుంది. రవ్వలు పెరుగుతాయి. అంటే ఏ హెచ్చరిక కోసం రేడియో పెట్టారో ఆ హెచ్చరిక వేళకే రొద ముదురుతుంది. కరెంటు పోయాక రేడియో తేటగా పలుకుతుంది. అప్పటికి ఇల్లు విడిచి పోవడానికి దారి మిగలకపోవచ్చు.

ఎఫ్.ఎం. ప్రసారాలకు ఈ రొద అంతగా అంటదు. ఇటీవలి ఏళ్లలో ఆకాశవాణి చాలాచోట్ల మీడియం వేవ్ తగ్గించి ఎఫ్.ఎం. వైపు మళ్లింది కూడా. అయితే ఎఫ్.ఎం. దూరం పోదు. కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు పగలూ రాత్రీ అందుతూ వచ్చింది మీడియం వేవే.

రెండో భయం రేడియోతో సంబంధం లేనిది. రవ్వ పుట్టేచోట లోహం కొద్దికొద్దిగా తినేస్తుంది. కట్టు తెగితే తీగ ఇన్సులేటరు మీంచి జారి ఇనుప అడ్డకమ్మి మీద పడుతుంది, లేదా పొలంలోకి వేలాడుతుంది. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లే మనిషికి, మేతకు వదిలిన గేదెకు అది ఎదురైతే ఏమవుతుందో పల్లెల్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ తీగ జారకముందు నెలల తరబడి రేడియోలో గరగరలాడి ఉండవచ్చు. వినేవారు స్టేషను మార్చేసి ఉంటారు, అంతే.

రొదను బట్టి రోగం

మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. సెకనుకు 50 ఆవర్తాలు. ఒక్కో ఆవర్తంలో రెండుసార్లు శిఖరానికి చేరుతుంది. వదులుగా ఉన్న రెండు లోహపు ముక్కల సందులో ఆ రెండుసార్లూ రవ్వ దూకుతుంది. సెకనుకు వంద దూకుళ్లు. రేడియోలో తుమ్మెద రొదలాగా, ముతకగా వినిపించే బుర్రు అదే. మెరుపు మెరిసినప్పుడు వచ్చేది ఫెళ్లుమని ఒక్కసారి వచ్చిపోయే చప్పుడు. పొలానికి కరెంటు కంచె ఉంటే గడియారంలా టిక్కు టిక్కుమంటుంది. చవకరకం ఎల్.ఇ.డి. బల్బు, ఫోన్ ఛార్జరు, ఇన్వర్టరు వంటివి డయలు పొడుగునా అక్కడక్కడా సన్నటి కీచుమనో, బుస్సుమనో రొద పెడతాయి. చెవికి కొంచెం అలవాటైతే ఈ తేడా తెలిసిపోతుంది.

వానను కూడా గమనించాలి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. వదులైన కట్టు, వదులైన నట్టు వంటి చోట్ల పుట్టే రొద పొడి వాతావరణంలో జోరుగా ఉంటుంది. వాన పడితే సందులో తడి చేరి రవ్వ ఆగిపోతుంది. ఎండ కాసి ఆరగానే మళ్లీ మొదలు. ఇన్సులేటరు మీద మురికి, ఉప్పు పేరుకుంటే కథ తిరగబడుతుంది. ఎండలో నోరెత్తదు. తెల్లవారుజామున మంచు పడగానే ఆ ఉప్పుపొర తడిసి, పింగాణీ మీదుగా కరెంటు పాకుతుంది, చిటపటలాడుతుంది. పెద్దవాన కురిసి కడిగేస్తే కొన్నాళ్లు నిశ్శబ్దం. నాగాయలంక, కోడూరు వంటి సముద్రగాలి తగిలే మండలాల్లో సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచు వేళల్లో రొద ఎక్కువగా ఉంటే ముందు అనుమానించవలసింది ఉప్పునే.

అందుకని మొదటి పని స్తంభాల వెంట పడటం కాదు. బడిపిల్లల నోటు పుస్తకం ఒకటి తీసుకుని వారం రోజులు రాయాలి. ఏ వేళ మొదలైంది, ఏ వేళ ఆగింది, గాలి ఉందా, మంచు ఉందా, వాన పడిందా. వ్యవసాయ లైనుకు త్రీఫేజు కరెంటు ఇచ్చే వేళలు కూడా రాయాలి. ఆ కరెంటు రాగానే రొద పుట్టి, పోగానే ఆగిపోతుంటే ఊరి వీధుల్లో తిరగనక్కరలేదు. పొలాల్లోకి పోయే లైనులోనో, దాని మీది మోటారు స్టార్టర్లలోనో ఉంది దొంగ. రొయ్యల చెరువులున్న చోట ఏరేటర్లు తిరిగే వేళలు కూడా రాసుకోవడం మంచిది.

ముందు సొంత ఇల్లు

ఇంట్లోనే కారణం ఉండి ఊరంతా తిరిగితే నవ్వులపాలవుతారు. రేడియోను బ్యాటరీల మీద పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపాలి. రొద ఆగిందా, కారణం ఇంట్లోనే. అప్పుడు మెయిన్ వేసి ఒక్కొక్కటిగా చూడాలి. ట్యూబ్‌లైటు చోకు, ఫ్యాను రెగ్యులేటరు, ఛార్జర్లు, ఎల్.ఇ.డి. బల్బులు, ఇన్వర్టరు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో దాన్ని కూడా పూర్తిగా ఆపితేనే పరీక్ష నిలుస్తుంది. లేకపోతే మెయిన్ పోయినా అది రొద పెడుతూనే ఉంటుంది. కొత్తరకం రీఛార్జి రేడియోలను ఛార్జరుకు తగిలించి వింటే ఆ ఛార్జరే బుర్రుమనవచ్చు. తీగ పీకేస్తే సరి.

మెయిన్ ఆపినా రొద ఆగలేదంటే అది బయటిది. ఊరికి కరెంటు పోయినప్పుడు ఒకసారి చూడాలి. ఆ క్షణాన రొద కూడా పోతే లైను మీదనే అని సగం తేలినట్లే. కరెంటు కోతను ఎవరూ కోరుకోరు గాని, ఈ ఒక్క పనికి అది ఉపయోగపడుతుంది.

ట్రాన్సిస్టరు దిక్కు చూపుతుంది

రేడియో విప్పి చూసినవారికి లోపల నల్లటి కడ్డీ, దానికి చుట్టిన సన్నటి రాగితీగ తెలుసు. ఫెర్రైట్ కడ్డీ అది. మీడియం వేవ్‌కు అదే ఏరియల్. సాధారణంగా రేడియో పొడవునా అడ్డంగా పడుకుని ఉంటుంది. ఈ కడ్డీకి ఒక గుణం ఉంది. దాని పక్కల నుంచి వచ్చే తరంగాలను బాగా పట్టుకుంటుంది. దాని కొన ఎటు చూపుతోందో అటు నుంచి వచ్చేవి దాదాపు పట్టవు.

నమ్మకం కుదరకపోతే పగటిపూట మీడియం వేవ్‌లో తెలిసిన కేంద్రం ఒకటి పెట్టి రేడియోను అరచేతిలో మెల్లగా గుండ్రంగా తిప్పి చూడాలి. ఒకచోట గొంతు సన్నబడుతుంది. అప్పుడు రేడియో కొన ఆ కేంద్రం వైపు చూపుతుంది. అవనిగడ్డలో నిలబడి విజయవాడ ప్రసారాన్ని ఇలా పరీక్షిస్తే కొన వాయవ్యానికి, కాస్త ఉత్తరానికి మొగ్గి ఉండాలి. రాత్రివేళ దూరపు కేంద్రాల తరంగాలు ఆకాశం నుంచి వంగి వస్తాయి కాబట్టి ఈ లెక్క కుదరదు.

రొదను కూడా ఇలాగే పట్టాలి. కేంద్రం ఏదీ లేని ఖాళీచోట ముల్లు పెట్టి తిప్పితే, రొద బాగా తగ్గినప్పుడు రేడియో రెండు కొనల్లో ఏదో ఒకటి దొంగ వైపు చూపుతున్నట్లు. ఏ కొన అన్నది ఒక్కచోట నిలబడి తేల్చలేం. అందుకే రెండుచోట్ల నిలబడాలి.

ఒక ఊరు అనుకోండి. పడమటి పొలంలో నిలబడి తిప్పితే రొద తగ్గినప్పుడు రేడియో ఆగ్నేయానికి నిలిచింది. అక్కడి నుంచి అర కిలోమీటరు దక్షిణంగా నడిచి మళ్లీ తిప్పితే నేరుగా తూర్పు చూపింది. కాగితం మీద రెండు గీతలు గీస్తే అవి రెండోచోటికి తూర్పున అర కిలోమీటరు దూరంలో కలుస్తాయి. అక్కడ కాలువ గట్టు, గట్టు వెంట 11 కె.వి. లైను. వెతుకులాట అక్కడ మొదలుపెట్టాలి. ఊరంతా వదిలి నాలుగైదు స్తంభాల మీదికి చూపు మళ్లింది.

దొంగ దొరికాడని మాత్రం అప్పుడే అనుకోరాదు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మీడియం వేవ్ రొద స్తంభం దగ్గరే ఉండిపోదు. తీగ పట్టుకుని కిలోమీటరు, అంతకుమించి కూడా ప్రయాణిస్తుంది. కడ్డీ చూపింది దొంగ ఇంటినో, దొంగ నడిచి వచ్చిన దారినో చెప్పలేం. పైగా తీగ వెంట రొద ఒకచోట హెచ్చుతూ, ఒకచోట తగ్గుతూ పోతుంది. విజయవాడ కేంద్రం దశాబ్దాలపాటు వినిపించిన 837 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. హెచ్చిన చోటికీ మళ్లీ హెచ్చిన చోటికీ అందులో సగం, అంటే దాదాపు 180 మీటర్లు. రొద పెరిగిన మొదటి స్తంభం కింద నిలబడి ఇదేనని తేల్చినవాడు తప్పులో కాలేసినట్లే.

షార్ట్‌వేవ్‌తో దగ్గరికి

ఒకప్పుడు సిలోన్ తెలుగు పాటల కోసం తిప్పిన షార్ట్‌వేవ్ మీట ఇక్కడ పనికొస్తుంది. రొద తీగ మీద దూరం పోయేకొద్దీ దానిలో పై ఫ్రీక్వెన్సీలు ముందు చచ్చిపోతాయి. అందువల్ల ఊరి చివర మీడియం వేవ్‌లో మాత్రమే వినిపించే రొద, దొంగ స్తంభానికి దగ్గరయ్యేకొద్దీ షార్ట్‌వేవ్‌లో కూడా వినిపిస్తుంది. ముందు 5, 6 మెగాహెర్ట్జ్ దగ్గర, ఇంకా దగ్గరికి పోతే 15 మెగాహెర్ట్జ్ పైన. మరీ కిందికి చేరితే ఎఫ్.ఎం.లో కేంద్రం లేని ఖాళీచోట కూడా గరగర తగులుతుంది. లైను వెంట నడుస్తూ ఏ స్తంభం దగ్గర అన్నిటికన్నా పై ఫ్రీక్వెన్సీలో రొద వినబడుతుందో దాని మీద అనుమానం పెట్టుకోవాలి.

షార్ట్‌వేవ్‌లో లోపలి కడ్డీ దిక్కు చూపదు. పైకి లాగే ఏరియల్ పనిచేస్తుంది. రొద మరీ పెద్దదై ఏ స్తంభం దగ్గర హెచ్చో తెలియకపోతే ఏరియల్‌ను ఒక్కో మడత లోపలికి నెట్టాలి. వినికిడి తగ్గుతుంది, తేడా తెలుస్తుంది. పూర్తిగా నెట్టేసినా ఒక్క స్తంభం కిందనే బుర్రుమంటుంటే ఇక అనుమానం అక్కరలేదు.

ఆ తర్వాత కళ్లు, చెవులు. కింద నిలబడే చూడాలి. పింగాణీ కప్పు అంచు పగిలిందా, తీగను కప్పుకు కట్టిన కట్టు ఊడి వేలాడుతోందా, తాటాకు గాని, కొబ్బరిమట్ట గాని తీగకు తగులుతోందా, ఎ.బి. స్విచ్ దగ్గర జంపరు నల్లబడిందా. కాకిగూటిలో ఇనుప తీగముక్కలు ఉండటం కూడా ఉన్నదే. చీకటి పడ్డాక కాస్త దూరం నుంచి చూస్తే ఒక్కోసారి నీలం రంగు చుక్క మిణుకుమంటుంది. తీగ సడలి బరువు లేక వేలాడే చోట గొలుసుకట్టు పింగాణీ పళ్లేల కీళ్లు తుప్పుపట్టి, కంటికి ఏమీ కనిపించకుండానే రవ్వలు పుట్టవచ్చు. అటువంటి స్తంభం మీద కంటి కంటే రేడియో మాటే నమ్మాలి.

ఊరి లోపలి లైను మీద ఇంకో కారణం కూడా ఉంటుంది. నూర్పిడికో, పెళ్లి పందిరికో లైనుకు తగిలించిన కొక్కెం. గాలికి ఊగే ఆ కొక్కెం దగ్గర రవ్వలకు లోటుండదు. రేడియో వినపడటం లేదని గట్టిగా అరిచేవారి ఇంటికే ఆ తీగ దిగి ఉండటం కూడా ఉంటుంది.

ముట్టుకోకూడనివి

స్తంభాన్ని సుత్తితో కొట్టి చూస్తే రొద మారుతుందని కొందరు అంటారు. మారుతుంది కూడా. ఆ దెబ్బకు సగం తెగిన కట్టు పూర్తిగా తెగి తీగ నెత్తిన పడవచ్చు. కొట్టరాదు. స్టే వైరు ఊపరాదు. వెదురుగడతో కొమ్మలు తప్పించబోరాదు. మంచుకు తడిసిన వెదురు కరెంటును మోస్తుంది. రేడియో కోసం పొడవాటి రాగితీగ ఏరియల్ కట్టే అలవాటు పాతవారిలో ఉంది. ఆ తీగను కరెంటు లైనుకు పైనుంచి గాని, కిందినుంచి గాని దాటించరాదు. తీగ తెగి నేల మీద పడి ఉంటే దరిదాపులకు పోకుండా, ఇతరులను పోనీయకుండా ముందు ఫోను చేయాలి.

లైన్‌మన్‌కు ఎలా చెప్పాలి

రేడియో సరిగా పలకడం లేదని చెబితే లైన్‌మన్ నవ్వి ఊరుకుంటాడు. అది ఆయన తప్పు కూడా కాదు. ఫ్యూజులు, ట్రాన్స్‌ఫార్మర్లు, తెగిన తీగల మధ్య రేడియో ఫిర్యాదు ఎప్పటికీ ఆఖరిదే. ఏ స్తంభమో చెప్పకపోతే ఆయన మాత్రం ఎక్కడని ఎక్కుతాడు?

అదే ఫిర్యాదును వేరేగా చెప్పవచ్చు. ఫలానా నంబరు స్తంభం, కాలువ గట్టు మీద, తూము పక్కన. గాలి వీస్తే చిటపటలు, వానకు ఆగుతున్నాయి, ఆరగానే మళ్లీ వస్తున్నాయి. కట్టు వదులైనట్లుంది, తీగ జారే ప్రమాదం ఉంది. స్తంభం మీద నంబరు చెరిగిపోయి ఉంటే ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఎన్నో స్తంభమో లెక్కపెట్టి చెప్పాలి. ఇలా చెబితే అది రేడియో ఫిర్యాదు కాదు, లైను ప్రమాదం ఫిర్యాదు. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. సెక్షన్ ఆఫీసులో కాగితం కూడా ఇచ్చి, నోటు పుస్తకంలోని వారం రోజుల వివరాలు జతచేస్తే మరీ మంచిది. రేడియోను వెంట తీసుకుపోయి స్తంభం కింద వినిపిస్తే లైన్‌మన్ కూడా తల ఊపుతాడు.

మరమ్మతు సాధారణంగా చిన్నదే. సబ్‌స్టేషను నుంచి ఎల్.సి. తీసుకుని, లైను ఆపించి, రెండు వైపులా ఎర్తు వేసి ఎక్కుతారు. కట్టు విప్పి కొత్తది చుడతారు. నట్టు బిగిస్తారు. పగిలిన కప్పు మారుస్తారు. ఉప్పు పట్టినదైతే తుడుస్తారు. లైను మళ్లీ ఛార్జి చేశాక, మొదట రొద విన్న అరుగు మీదనే, అదే స్టేషను పెట్టి వినాలి. తేదీ పుస్తకంలో రాసుకోవాలి.

కొన్నిచోట్ల అప్పుడు ఇంకో సన్నటి గరగర వినిపిస్తుంది. మరమ్మతు కుదరలేదని లైన్‌మన్ మీద విరుచుకుపడనక్కరలేదు. ఇన్నాళ్లూ పెద్ద రొద కింద అణిగి ఉన్న రెండో స్తంభం అది. పుస్తకంలో మరో పేజీ తిప్పి, మళ్లీ మెయిన్ స్విచ్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.